పుస్తకంలో లేని మనిషి

మొగుడు పోయిన రెండేళ్ళకు థామసిన్ పైక్ ఆయన ఉన్న పుస్తకం కొన్నది. పందొమ్మిదో పేజీలో ఉన్నాడని ఎవరో చెప్పారు.

తాను చేసిన వైద్యాల గురించి అది రాసినవాడు జర్వాస్ టిల్నీ. ఇంగ్లండులోని నారిచ్ పట్నంలో, ఆ రోజుల్లో మంగళ్ళందరిలాగే, గడ్డాలు గీస్తాడు, పళ్ళు పీకుతాడు, మూత్రాశయంలో రాళ్ళు కోసి తీస్తాడు. లాటిన్ రాని సామాన్యుల కోసం శుభ్రమైన ఇంగ్లీషులో రాశానని ముందుమాటలో చెప్పుకున్నాడు. తీరా చూస్తే, లాటిన్ మాటలకే తోకలు కత్తిరించి వరసగా నిలబెట్టాడు. సామాన్యులు ఏం పాపం చేశారో మరి.

థామసిన్‌కు చదువొచ్చు. బైబిలు గడగడా చదువుతుంది. ఈ ఒక్క పేజీ మాత్రం మూడు రోజులైనా కొరుకుడు పడలేదు. ఆమెకు తెలియవలసింది ఒక్కటే. టిల్నీ రాయి తీసిన నాలుగో రోజు, మొగుడు రేఫ్ ఆకలని బతిమాలుతుంటే చూడలేక, పథ్యం తప్పించి గిన్నెడు బఠాణీ జావ తాగించింది. తెల్లారేసరికి పోయాడు. ఆ జావే చంపిందా? రెండేళ్ళుగా ఈ మాట ఎవరితోనూ అనలేదు.

పుస్తకం పట్టుకుని టిల్నీ దుకాణానికి వెళ్ళింది. ఆయన మంగలి కత్తి నూరుకుంటున్నాడు.

"అయ్యా, ఇన్సిషన్ అంటే?"

"కోత, అమ్మా."

"కోత అనే రాయొచ్చుగా?"

"కసాయి కొట్టు గుర్తొస్తుంది."

"ఎవరు కోశారు?"

"నేనే. నీకు తెలియనిదా?"

"ఇందులో లేదు. వాన పడ్డట్టు 'ఇన్సిషన్ జరిగింది' అని ఉంది. సరే, ఈ పెర్ఫొరేషన్?"

టిల్నీ కత్తి నూరడం ఆపాడు. "ఆ తర్వాతది ఇన్‌ఫ్లమేషన్. లోపల మంట, వాపు."

"మధ్యలో ఒకటి దాటేశారు."

"చిల్లు," అన్నాడు టిల్నీ.

"దేనికి?"

"పేగుకి."

"ఎవరు పెట్టారు?"

ఆయన కత్తి కింద పెట్టాడు. "నేనే. కత్తి అనుకున్న దానికంటే లోపలికి దిగింది. బతకడని ఆ రోజే తెలుసు."

"నేను జావ పోశాను."

"జావ పోసినా, మంచినీళ్ళు పోసినా, ఏమీ పోయకపోయినా అంతే, అమ్మా."

థామసిన్ గడ్డాలు గీసే పీట మీద కూలబడింది. ముందు ఒళ్ళు తేలికైంది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"ఆదివారం ఆదివారం చర్చిలో నా ముందు బెంచీలోనే కూర్చున్నారు. నా మొగుణ్ణి నేనే చంపుకున్నానని ఏడుస్తూ మీ వీపు చూస్తూ ప్రార్థన చేశాను."

"నేనేం దాచలేదే. అచ్చు కూడా వేయించాను," అన్నాడు టిల్నీ. నిజంగా అలాగే అనుకుంటున్నాడు, మహానుభావుడు.

"మాట ఉంది. మీరు లేరు." బల్ల మీది కలం సిరాలో ముంచి ఆయన చేతికిచ్చింది. "ఈ పేజీ పక్క ఖాళీలో రాయండి."

టిల్నీ అలవాటు కొద్దీ ఇంకో 'షన్' మాట మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి కొట్టేశాడు. "రేఫ్ పైక్ పేగుకు నేను చిల్లు పెట్టాను" అని రాశాడు.

"అతని భార్య తప్పేమీ లేదని కూడా."

అదీ రాశాడు.

థామసిన్ పుస్తకం తన వైపు తిప్పుకుంది. మొదటి వాక్యం పైకే చదివింది. రెండోదానికి వచ్చేసరికి కళ్ళ నీళ్ళలో అక్షరాలు అలుక్కుపోయాయి.

"నాకు కనబడటం లేదు. మీరే చదవండి," అంది.

టిల్నీ లేచి నిలబడి చదివాడు.