కానుగ నూనె తాగిన ఇంజను

డీజిల్ తాగడానికి పుట్టిన ఐదు హార్స్‌పవర్ ఇంజన్ని నేను. ఇంకేది పోసినా నాకు ఒళ్లు మండుతుంది. ధర్మవరం పక్క ఊళ్లో అన్నదమ్ములిద్దరు ఉమ్మడిగా నన్ను కొన్నారు. అన్న పోయాక అతని భార్య హనుమక్కకూ, తమ్ముడు కుళ్లాయప్పకూ మధ్య మిగిలాను. వాళ్లకు ఒకరంటే ఒకరికి గిట్టదు. నాకు ఇద్దరూ గిట్టరు.

ఆ ఏడు వేరుశనగ ఊడలు కాయ కట్టడానికి నేలలోకి దిగే వేళ వాన లేదు. లారీల సమ్మెతో డీజిలూ లేదు. హనుమక్క కానుగ గింజలు గానుగాడించి, ఆ పచ్చి నూనెను నాలో పోసింది. రెండు రోజులు నల్లగా దగ్గుతూ నీళ్లు తోడాను. మూడో రోజు జిగురుకు, నూనె చిమ్మే నాజిల్ పూడుకుపోయి ఆగిపోయాను.

కుళ్లాయప్ప నలుగురినీ పోగేశాడు. "నా ఇంజన్ను సంపింది ఈమె."

"సగం నాది," అంది హనుమక్క. "నూనె చిక్కగుండాది. తప్పు నాదే. సరిచేస్తా."

తప్పు ఒప్పుకున్న మనిషిని చూడటం నాకదే మొదలు. అయినా కోపం తగ్గలేదు.

పాలిటెక్నిక్‌లో పంతులమ్మను అడిగి వచ్చి, మిథనాల్‌లో కాస్టిక్ సోడా కరిగించి నూనెలో కలిపింది. అంతా సబ్బయి కూర్చుంది. మళ్లీ వెళ్లింది. నూనెలోని పులుపే కారణమని తెలుసుకుని, ముందు దాన్ని తగ్గించి మళ్లీ కలిపింది. ఈసారి చిక్కటి గ్లిజరిన్ అడుగుకు దిగింది. పైన తేరినదాన్ని నీళ్లతో కడిగి, తడి పోయేదాకా కాచి, వడగట్టింది.

మెకానిక్ నా లోపలి మసీ, నాజిలూ శుభ్రం చేశాక ఆ నూనెను నాలో పోశారు. మొండికేద్దామనుకున్నాను. చేతకాలేదు. మొదటి తిప్పుకే అందుకున్నాను. ఇద్దరి చేలూ తడిశాయి.

కుళ్లాయప్ప మాత్రం, పట్నం నుంచి తానే డీజిల్ తెప్పించానని ఊరంతా చెప్పాడు. తన అబద్ధం బయటపడకుండా, ఆమె నూనెకు నేను లోపల చెడిపోయానని కూడా చెప్పి, హనుమక్క సంతకు పోయిన రోజు నన్ను ట్రాక్టరెక్కించి పాత ఇనుము కొనే పీరా దగ్గరికి తెచ్చాడు.

పీరా నా హెడ్డు విప్పి వేలు పెట్టి చూశాడు. "నూనెకు చెడిపోయిందంటివే. లోపల మసే లేదు కదప్పా."

"పగలగొట్టు," అన్నాడు కుళ్లాయప్ప. "ఆమె వచ్చేలోపల పగలగొట్టు."

పీరా పగలగొట్టాడు.

సాయంత్రం హనుమక్క వచ్చింది. ఏడవలేదు. ముక్కల్లోంచి నా నాజిల్ ఏరి కొంగుతో తుడిచింది. కొంగుకు మరక అంటలేదు.

"లోపల సూసింది నువ్వే పీరా. ఊళ్లోకొచ్చి ఆ మాట సెప్తావా?"

 పీరా సుత్తి పక్కన పెట్టి, చొక్కా వేసుకున్నాడు.