రాని ఉల్టీ

రామచందర్‌కు వాంతుల జబ్బు ఉందని అతని భార్య ఇందుబాయి పన్నెండేళ్లుగా నమ్ముతోంది. ఆ పన్నెండేళ్లలో అతను ఒక్కసారి కూడా కక్కుకోలేదు. అయినా బిలోలి బస్సెక్కితే చాలు, ఆమె అతని ఒళ్లో రెండు నిమ్మకాయలూ ఒక క్యారీబ్యాగూ పెట్టేది. రోగం లోపలెక్కడో నక్కి ఉందని ఆమె అనుమానం.

ఆ రోజు రామచందర్ నాందేడ్ ఆస్పత్రిలో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. డాక్టర్ అనుపమ, రైల్వే క్వార్టర్లలో పెరిగిన తెలుగు పిల్ల, పొట్ట నొక్కి చూసింది.

"ఎడమదిక్కు నొస్తుంది గద కాకా, అపెండిక్స్ అయితే గాదు. అది కుడిదిక్కు ఉంటది. గోలీలు రాసిస్త, రేపు రండి."

మొహం పాలిపోయిన మనిషిని ఇంటికి తీసుకుపోవడానికి ఇందుబాయికి మనసొప్పలేదు. ఏదో ఒకటి చెప్పి డాక్టరమ్మను ఆపాలనుకుంది.

"అమ్మా, ఈయనకు ఉల్టీల బీమారి గూడ ఉన్నది."

"ఎన్నిసార్లయినయ్ కాకీ?"

"ఒక్కసారి గూడ కాలే."

"మరి బీమారని ఎవరన్నరు?"

"పన్నెండేండ్ల కింద ఎక్స్‌రే తీసినాయన. ఛాతీ ఫోటో చూసి మరాఠీల 'యాచం సగళం ఉల్టం ఆహే' అన్నడు. ఇంటికచ్చి మంచం పక్కన బకెట్ పెట్టిన."

"నీ బకెట్ పాడుగాను," మూలిగాడు రామచందర్. "లేసినప్పుడల్ల అండ్లనే కాలు వెడుతున్న."

అనుపమ నవ్వలేదు. స్టెతస్కోపు ఎడమ ఛాతీ మీద పెట్టి మొహం చిట్లించింది. కుడివైపుకు జరిపింది. గుండె అక్కడ కొట్టుకుంటోంది.

"కాకీ, ఉల్టీ గాదు, అంత ఉల్టా ఉన్నదన్నడాయన. కాకా లోపలి సామానంత అద్దంల చూసినట్టున్నది. గుండె కుడికి, కార్జం ఎడమకు. అపెండిక్స్ గూడ ఎడమకే ఉండాలె."

"గట్లుంటే బతుకుతరా?"

"ఇన్నేండ్లు బతకలేదా? డాక్టర్‌కు తెల్వకుంటెనే కష్టం."

స్కాన్‌లో అదే తేలింది. వెంటనే ఆపరేషన్ చేశారు. ఇంటికి పోయి ఉంటే అపెండిక్స్ పగిలేదట.

మర్నాడు అనుపమ చీటీ రాసిచ్చి, ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ముందు ఇది చూపించమంది. ఇందుబాయి మంచానికి ఎడమవైపు కూర్చుని చాలాసేపు ఆలోచించింది.

"ఇగ సమజైంది," అంది మొగుడితో. "పెండ్లినాడు అయ్యగారు నన్ను నీ ఎడమదిక్కు కూసోవెట్టిండు, గుండె అటే ఉంటదని. గందుకే నా మాట ఒక్కటి నీ గుండెకు ముట్టలే."

స్టూలు ఈడ్చుకుంటూ కుడివైపుకు వచ్చింది. సెలైన్ స్టాండు అడ్డం వస్తే దాన్నీ జరిపింది.

"మావశీ, ఏం చేస్తున్నవ్?" అని నర్సు కేకేసింది.

"జాగ మారుతున్న బిడ్డా," అంది ఇందుబాయి, కూర్చుంటూ.