గెదియోన్ కొలత

మా అమ్మ కిస్తారా నా కూతుర్ని "ఏమయ్యా" అని పిలుస్తుంది. నా కూతురు పిలుత్తా మా అమ్మని "ఏమే" అంటుంది. నేను నా కూతుర్ని "నాన్నా" అంటాను. ముద్దుకి కాదు, నిజంగానే. మా నాన్న గెదియోన్ చనిపోయిన చలికాలంలోనే ఇది పుట్టింది. మా గ్రీన్‌లాండ్‌లో పోయినవాళ్ళ పేరు ఆ తర్వాత పుట్టిన బిడ్డకి పెడతాం, ఆడా మగా చూడం. పేరు వెంట మనిషీ వచ్చేస్తాడు. పిలుత్తా అన్నది ఇంట్లో పిలుపు, చర్చిలో పెట్టింది గెదియోన్ అనే. ఉయ్యాల్లో అది గుక్కపట్టి ఏడిస్తే మా అమ్మ, "అప్పుడూ ఇంతే, కాఫీ ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసేవాడు" అంటూ పాలసీసా అందించేది.

ఈ చుట్టరికంతో మాకెప్పుడూ చిక్కు రాలేదు, పోయిన వేసవిలో పిలుత్తా కాయక్‌లో, అదే మా ఒంటిమనిషి వేట పడవలో, మా దీవి చుట్టి వస్తానన్నదాకా.

"అమ్మా నేనూ వెళ్తాం," అంది పిలుత్తా, సీల్ మాంసం పులుసులో రొట్టె ముంచుకుంటూ. "తీరం పట్టుకునే పోతాం. సాయంత్రానికి దిగి గుడారం వేసుకుంటాం. వారంలో ఇంట్లో ఉంటాం."

"ఊరి వైపు ఎంతైనా తిరుగు," అంది మా అమ్మ. "వెనకవైపుకి మాత్రం వద్దు. నాకు మాటిచ్చావు."

"నేనెప్పుడిచ్చానే?"

"బెబియానె నా కడుపులో ఉన్నప్పుడు."

బెబియానె అంటే నేనే. ఆ మాట కథ ఊరందరికీ తెలుసు. మా నాన్న వేటకని వెనకవైపుకి వెళ్ళాడు. అటు అడ్డమంటూ ఏదీ లేదు, మహాసముద్రమే. అలలు పెద్దవై, ఒక చిన్న కోనలో చిక్కుకుపోయాడు. ఇక్కడ మా అమ్మ కళ్ళు వాచేలా ఏడ్చింది. ఊరంతా ఓదార్చడానికి వచ్చింది, పాస్టర్ ప్రార్థన కూడా చేశాడు. అప్పుడు మా నాన్న తాపీగా గుమ్మంలోకి వచ్చి, జనానికి పెట్టిన కేకు చూసి, "ఎవరి పుట్టినరోజు?" అని అడిగాడట. ఆ పూటే అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. పోయేదాకా ఆయన ఆ మాట తప్పలేదు. తన మంచం మీదే పోయాడు.

పిలుత్తా అంతకుముందు చలికాలమంతా కూర్చుని తన కాయక్ తనే కట్టుకుంది. పొడవు తన మూడు బారలు, వెడల్పు తన నడుముకి అటో పిడికిలి ఇటో పిడికిలి. ఇంకెవరు కూర్చున్నా అందులో పట్టరు. అలాంటి కాయక్ షెడ్డులో పడి ఉంటే చూసేవాళ్ళకే బాధగా ఉండేది.

"ముసలావిడ వద్దంటే ఆగిపోతావా? పొద్దున్నే లేచి వెళ్ళిపో," అన్నాడు పక్కింటి సకారియాస్.

"ఒకసారి ఏడిపించాను కదా, మళ్ళీ ఎలా ఏడిపిస్తాను?" అంది పిలుత్తా. అందులో ఎగతాళి ఎంతో, నిజమెంతో నాకు తెలియలేదు.

కొన్నాళ్ళు మా ఇంట్లో మాటలు తగ్గాయి. పిలుత్తా అలిగితే నాన్నలాగే అలుగుతుంది, కిటికీకి ముఖం పెట్టి. ఒక ఉదయం మా అమ్మ కాఫీ పోస్తూ పోస్తూ అంది, "తువిలిక్ నేను కుడతాను. రేవులో నా ఎదురుగా కాయక్‌తో సహా పల్టీ కొట్టి లేవాలి. ఒళ్ళు పొడిగా ఉంటే వెళ్ళు. తడిసిందో, కాయక్ అటకెక్కుతుంది."

తువిలిక్ అంటే తల మీంచి నడుము దాకా కప్పే సీల్ తోలు చొక్కా. కింది అంచు కాయక్‌లో కూర్చునే కంత చుట్టూ ఉన్న చట్రానికి బిగుస్తుంది. బాగా కుదిరిన తువిలిక్‌లో మనిషీ పడవా ఒకటే, తలకిందులైనా నీళ్ళకి దారి దొరకదు. సూది తోలు పైపొరకి బయటపడకుండా లోలోపలే నడిచే కుట్టు అది. మా ఊళ్ళో ఇప్పుడు ఆ కుట్టు మా అమ్మకే వచ్చు. సకారియాస్ తోళ్ళు తెచ్చి పడేశాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని, కళ్ళజోడుని తిడుతూ కుట్టింది. టేపు మా ఇంట్లో ఎన్నడూ లేదు. జానలూ బెత్తెలే.

ఆ రోజు రేవులో ఫ్లాస్కులు పట్టుకుని సగం ఊరు నిలబడింది. పిలుత్తా తువిలిక్ తొడుక్కుంది. చొక్కా చేతులు వేళ్ళు దాటి వేలాడాయి. టోపీ ముక్కు మీదకి జారింది. సకారియాస్ ముందుకు వంగి చూశాడు.

"ఇంకో మనిషికి చోటుంది లోపల."

"నువ్వొస్తావా?" అని పిలుత్తా మణికట్ల దగ్గర తాడు చుట్టుకుని, నీళ్ళలోకి వెళ్ళి పల్టీ కొట్టింది. లేచింది కూడా, చక్కగా. కానీ తువిలిక్ నీళ్ళ తిత్తిలా ఉబ్బి ఉంది. చేతులెత్తితే రెండు చేతుల్లోంచీ నీళ్ళు దూకాయి. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక చూస్తే మా అమ్మ లేదు, ఇంటికి వెళ్ళిపోయింది.

వెనకే పరిగెత్తాను.

"కావాలనే చేశావు కదమ్మా?"

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "కావాలని చెడగొట్టే కుట్టు నాకు రాదు. ఆయనకి ఎన్ని కుట్టానో లెక్కుందా? చీకట్లో అయినా కుట్టగలను. ఈ చేతులకి ఆ కొలతొక్కటే వచ్చు."

గుమ్మంలో పిలుత్తా నిలబడి ఉంది, నీళ్ళు కారుతూ.

"ఏమే, నేను మరీ అంత చిక్కిపోయానా?"

"ఇటు రా."

మా అమ్మ దాని మెడ చుట్టూ వేళ్ళు పెట్టింది. భుజం నుంచి భుజానికి జాన వేసింది. నమ్మకం కలగనట్టు మళ్ళీ వేసింది. మణికట్టు పట్టుకుంటే ఆమె వేళ్ళు కలుసుకుని ఒకదాని మీదొకటి ఎక్కాయి.

"మెడ ఇంతేనా నీది?"

"ఇంతే."

"ఈ భుజం ఆయనది కాదు. బెబియానెదీ కాదు."

"నాదే."

అమ్మ మణికట్టు వదల్లేదు. "నాకు మాటిచ్చిన చెయ్యి నా పిడికిట్లో పట్టేది కాదు," అంది. "ఈ చెయ్యి నాకేం మాటివ్వలేదు."

"ఇప్పుడివ్వమంటావా?"

"వద్దు. మాటిచ్చినాయన పాతికేళ్ళకి పైగా రేవు పక్కన రాయి మీద కూర్చుని, వెనకవైపుకి మలుపు తిరిగే కొండకొమ్ము వంకే చూశాడు. నాకు తెలీదనుకున్నాడు." కత్తెర కోసం చెయ్యి చాపింది. "తడిబట్ట విప్పు. కాఫీ తాగు ముందు."

రెండోసారి పల్టీకి పిలుత్తా ముఖం తప్ప ఏదీ తడవలేదు.

అలా బయల్దేరాం. నా ఒంటి మీద కొట్లో కొన్న నారింజరంగు చొక్కా, నా కింద ఊరి కాయక్ క్లబ్బువాళ్ళ ప్లాస్టిక్ పడవ. కొండకొమ్ము దాటేదాకా నవ్వుకుంటూ, కసురుకుంటూ తెడ్లు వేశాం. దాటాక మహాసముద్రమే. అల వచ్చి మమ్మల్ని మెల్లగా ఎత్తి, సముద్రం ఆవలి అంచు చూపించి, మెల్లగా దించేది. దిగినప్పుడు పక్కనున్న పిలుత్తా కూడా కనిపించేది కాదు. మంచు గడ్డలు ఒకదాన్నొకటి రాసుకుంటూ గొణిగేవి. ఒకచోట తిమింగలం మా వెనక ఊపిరి వదిలితే, చేపల వాసనకి నేను దాదాపు పల్టీ కొట్టాను.

"భయమేస్తోందా?" అని అరిచింది పిలుత్తా.

"నీకు వెయ్యట్లేదా నాన్నా?"

"నా పెళ్ళాం కుట్టిన చొక్కా ఉంది. నీ సంగతి చూసుకో!"

మా నాన్న చిక్కుకుపోయిన ఆ కోన రెండు రాతి గోడల మధ్య దాక్కుని ఉంది. లోపల అలే లేదు. ఎండ పడుతున్న పచ్చిక, సన్నటి వాగు, నడుమెత్తు క్వాన్ మొక్కలు. కాడలు తుంచి, తోలు ఒలిచి నమిలాం. ఘాటుగా, తియ్యగా ఉన్నాయి. మర్నాడు పొగమంచు దిగింది. రేడియోలో గ్రీన్‌లాండ్ వాతావరణం చెప్పేవాడు కదలొద్దన్నాడు. మూడో పూటకి పొగమంచు విడిపోయింది. అయినా పిలుత్తా రాయికి ఆనుకుని కళ్ళు మూసుకునే ఉంది.

"లే నాన్నా, బయల్దేరదాం."

"ఇంకాసేపు," అంది. తర్వాత ఒక కన్ను తెరిచింది. "అమ్మా, ఆయన నిజంగా అలల కోసమే ఆగిపోయాడంటావా?"

మా నవ్వుకి గోడల మీది పక్షులన్నీ లేచాయి.

ఒక రోజు ఆలస్యంగా రేవు చేరాం. మా అమ్మ అక్కడ లేదు. పడవలు లాగి, తడికాళ్ళతో ఇంటికి పరిగెత్తాం. తలుపు తీస్తే ఇంటి నిండా జనం, కప్పులు, బల్ల మీద ఎండుద్రాక్షల కేకు. మా అమ్మ చేతిలో చాకు.

పిలుత్తా గుమ్మంలో ఆగి కేకు వంక చూసింది.

"ఎవరి పుట్టినరోజు?"

సకారియాస్‌కి కాఫీ పొలమారింది. మా అమ్మ చాకు బల్ల మీద పెట్టి, కొట్టడానికన్నట్టు చెయ్యెత్తుకుని వచ్చింది. ఆ చెయ్యి తువిలిక్ మెడ లోపలికి దూరి, భుజం దాకా తడిమింది.

"తడి!"

"చెమటే అది. పరిగెత్తుకొచ్చాను."

అమ్మ వేళ్ళు వాసన చూసుకుంది. "చెమటే," అని అందరికీ వినబడేలా చెప్పింది. "ఏడవలేదు ఈసారి. కేకు చేశాను అంతే."

"క్వాన్ తెచ్చానే నీకు," అని పిలుత్తా కాడల కట్ట ఆమె చేతిలో పెట్టింది.

"ఆయనకి ఆ పాటి తోచలేదు," అంటూ అమ్మ కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చింది. తర్వాత నా వైపు తిరిగి, నా నారింజరంగు చొక్కాని పైనుంచి కిందకి చూసింది.

"విప్పి పారెయ్ ఆ సంచి," అంది. అందరి ముందే నా నడుము చుట్టూ జానలు వెయ్యడం మొదలుపెట్టింది. చుట్టు ఎంతకీ పూర్తికాకపోయేసరికి ఆగి, వెనక్కి చూసింది.

"సకారియాస్, తోళ్ళు కాస్త ఎక్కువే తీసుకురా."