మూసిన తూము

...కళ్ళకైతే రెప్పలున్నాయి, నోటికి పెదవులున్నాయి, ముక్కుకే ఏ తలుపూ లేదు. మనిషిని తయారుచేసినవాడు అక్కడేదో మరిచిపోయి ఉంటాడనుకున్నాడు జగన్నాధం. వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని, పంచె అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరట్లోకి చూస్తున్నాడు. చూడకుండా ఉండలేకపోవడం అతనికి ఇంకా రోతగా ఉంది. చూపు అక్కడికే ఎందుకు పోతుంది? పుండు మీదికి వేలు పోయినట్టు.

వాయుగుండం పట్టిన దగ్గర్నుంచి కురిసిన వానంతా పెరట్లోనే నిలిచిపోయి, కాచి కాచి వదిలేసిన టీ రంగుకు తిరిగింది. పాత ఇంటివాళ్ళు పేడ పోసుకున్న గుంట పొంగి, అందులో మగ్గినదంతా పైకి తేలింది. భార్య పద్మకుమారి కట్టిన ఆనప పందిరి ఒక పక్కకు ఒరిగిపోయింది. దాని గుంజ దగ్గర చచ్చిన ఎలుకొకటి పొట్ట పైకి పెట్టుకుని, ఎవరో తీరిగ్గా తిప్పుతున్నట్టు మెల్లగా తిరుగుతోంది. నీళ్ళకు జడిసిన రోకలిబండ పురుగులు వరసగా గోడెక్కుతున్నాయి. వాటి కాళ్ళన్నీ కలిసి కదలడం చూసి అతని వీపు జలదరించింది.

లోపలా అంతే. తాటాకు కప్పు కారిన చోటల్లా పద్మ గిన్నెలు పెట్టింది. పరుపు బూజు వాసన. చొక్కా బూజు వాసన. పొద్దున తిన్న అన్నం కూడా ఎవరో నమిలి ఉమ్మినట్టు మెత్తగా, చల్లగా ఉంది.

విజయనగరంలో అన్న ఇంట్లో ఇలా ఉండేది కాదు. అక్కడ పెరడు గచ్చు చేసి ఉండేది. చదువుకున్నన్నాళ్ళూ, ఆ తరవాత పెళ్ళయ్యాక కూడా, అతను ఏ మురికీ ముట్టకుండా బతికాడు. ఆ ఇంట్లో మురికి లేక కాదు. అతని బదులు ముట్టేవాళ్ళు ఉండేవారు. రాజాం హైస్కూలుకి బదిలీ అయినప్పుడు, సామాను బండికెత్తిస్తుంటే అన్న అరుగు మీద నిలబడి, "పోరా, పో. గట్టి వానొకటి పడితే నువ్వే వచ్చేస్తావులే. నీ గది ఎవరికీ ఇవ్వను" అని నవ్వాడు. ప్రేమగానే నవ్వాడు. అందుకే ఆ నవ్వు ఇంకా ఒంటిని అంటుకుని ఉంది, ఎంత కడిగినా పోని జిడ్డులా.

ఈ వీధిలో ఇళ్ళు ఏటవాలుగా ఉంటాయి. పై ఇంటి పెరటి నీళ్ళు గోడలో తూముగుండా కింది ఇంటి పెరట్లోకి, అక్కణ్ణుంచి దాని కింది పెరట్లోకి, అలా పారుతూ పోయి పొలాల్లో పడాలి. ఒకరి వాననీళ్ళు ఒకరి పెరట్లోంచి పోనివ్వడం ఇక్కడి పద్ధతి. జగన్నాధం ఇల్లు చిట్టచివరిది. అతని తూము అవతల గోగుకట్టలు నానేసిన గుంట ఉంది. గోగు కుళ్ళితే గానీ నార రాదు. కుళ్ళితే ఆ కంపు తూములోంచి నేరుగా అతని కంచంలోకి వచ్చేది. ఇంట్లో దిగిన వారానికే పాత గోనెపట్ట ఒకటి ఉండచుట్టి, కర్రతో పొడిచి పొడిచి తూములో కూరాడు. పైన మట్టి మెత్తించడానికి మటుకు జోగయ్య అనే కూలివాణ్ణి పిలిచాడు. ఆ పెరట్లో అతను తన చేత్తో చేసిన పని ఆ గోనె కూరడమొక్కటే. అదీ కర్రతో. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

ఇప్పుడు నీళ్ళు వంటింటి పునాది తడుపుతున్నాయి. మట్టిగోడ. అడుగున అప్పుడే పెచ్చు ఊడి, లోపలి గడ్డి బయటికి కనిపిస్తోంది. ఈ గోడ కూలితే ఇల్లు లేదు. ఇల్లు లేకపోతే అన్న గది ఉండనే ఉంది.

పై ఇంటి గోడ మీంచి తల ఒకటి పైకి లేచింది. గున్నమ్మ. నెత్తిన తాటాకు గొడుగు.

"ఓ మేస్టారూ! నా పొయ్యిలోకి నీళ్ళొచ్చేసినాయి. నీ ముక్కు కోసం మా కొంపలు ముంచేస్తావేటి?"

"జోగయ్యకి కబురెట్టాను. వస్తాడు."

"ఆడి ఇంటి కప్పే లేసిపోనాది. అది ఒగ్గేసి నీ గోనె లాగడానికి వొస్తాడా? సూడు సూడు, ఓ కోడలు పిల్లా, నువ్వేనా సెప్పవే ఆయనకి!"

లోపల్నుంచి పద్మ వచ్చింది. బొబ్బిలి దగ్గర రైతుల పిల్ల, ఆరో నెల కడుపు. "ముక్కు మూసుకుంటారు గానీ తూము మూసుకుంటారేటండీ ఎవులైనా?" అంది గున్నమ్మకు వినపడేటట్టు. గోడ మీద తల పకపకా నవ్వి కిందికి దిగిపోయింది.

"వాన తగ్గితే బండి చూస్తాను," అన్నాడతను ఆమె వైపు చూడకుండా. "నాలుగు రోజులు అన్నయ్య దగ్గరుండి..."

"మీరెళ్ళండి. నాను రాను."

"ఇందులో ఎలా ఉంటావు?"

"ఇది మన రోత," అంది. "అక్కడుంటే ఆళ్ళ సుబ్రం."

చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆమె మెట్టు దిగింది. ఆమె పాదాలు నీళ్ళలో మాయమయ్యాయి. పిక్కలకు పేడ నురుగు అంటింది. అది చూసి అతనికి ఏవగింపు పుట్టింది. ఇంక ఆ కాళ్ళు తన పక్కలోకి వస్తాయి గదా అని మనసులో ఒక మూల ఒక మాట కదిలింది. ఆ మాట కదలడం అతను చూశాడు. ఎలుక కన్నా అది ఎక్కువ కుళ్ళినట్టు కనిపించింది.

పద్మ తూము దగ్గర వంగింది. కడుపు అడ్డం వచ్చింది. పక్కకు తిరిగి వంగింది. చెయ్యి మోచేతి దాకా మునిగింది గానీ గోనె అందలేదు. గోడ పట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంది. భర్తను పిలవలేదు. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు; అతను రాడని ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందని చెబుతున్నట్టుంది ఆ వీపు. మళ్ళీ వంగబోయింది.

అతను ముక్కు మీంచి పంచె అంచు తీసేశాడు. ఒక్కసారిగా కంపంతా లోపలికి వచ్చింది. మెట్టు దిగాడు. వేళ్ళ సందుల్లోంచి మెత్తగా ఏదో పైకి లేచింది. పిక్కకు ఏదో రాసుకుని పోయింది. ఏమిటో చూడాలని అనిపించలేదు.

"పద్మా, తప్పుకో."

ఆమె తప్పుకుంది.

అతను గోడ వారన గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. కర్ర కోసం ఒకసారి చుట్టూ చూశాడు, చూసినందుకు సిగ్గుపడ్డాడు. మొహం పక్కకు తిప్పి, చెంప నీళ్ళకు తగులుతుండగా భుజం దాకా చెయ్యి లోపలికి దూర్చాడు. జారుడుగా, నాచు పట్టి, బతికున్నదానిలా గోనె చేతికి తగిలింది. వేళ్ళు వాటంతట అవే వెనక్కి వచ్చాయి. మళ్ళీ పెట్టాడు. గోళ్ళు దిగేలా గుప్పిట బిగించి లాగాడు.