టేబుల్ మీద సముద్రం

"నువ్వు సముద్రం పక్కనించేగా వచ్చింది! ఆ మాత్రం నీకు తెలవదా?" అన్నాడు ఇమ్మానియేలు, ఫోను తెచ్చి భార్య మొహం ముందు పెట్టి.

షెర్లీ అప్పుడు గారెల పప్పు కడుగుతోంది. చేతుల తడి తుడుచుకోకుండానే వంగి చూసింది. ఫోనులో ఎవరిదో భోజనాల గది. నీలం, తెలుపు చారల గుడ్డ పరిచిన టేబుల్, గాజు సీసాల్లో తెల్లటి ఇసుక, ఇసుకలో శంఖాలు, గోడ మీద వల, వలలో మిణుకుమనే బుల్లి బల్బులు. మూల నిలబెట్టిన క్రిస్మస్ చెట్టుకు బంతుల బదులు ఆల్చిప్పలు వేలాడుతున్నాయి.

"దీన్ని కోస్టల్ స్టైల్ అంటారు. మా సూపరింటెండెంట్ గారింట్లో కిందటేడు ఇట్టాగే చేశారు. సామానంతా ఆన్‌లైన్లో తెప్పించా. రేపు పండక్కి పాస్టరు అయ్యగారు, అక్కా వాళ్ళు, ఆఫీసోళ్ళు వస్తారు. గదిలో అడుగుపెట్టగానే నోరెళ్ళబెట్టాల" అన్నాడు.

అట్టపెట్టె విప్పితే వల బయటికొచ్చింది. తెల్లగా, పొడిగా, కొత్త చొక్కాలా మడతపెట్టి ఉంది. షెర్లీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఏ వాసనా లేదు. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఎక్కడో కలుక్కుమంది కూడా. పెళ్ళయిన కొత్తలో, బాపట్ల అవతల సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటి నుంచి నరసరావుపేట వస్తూ అమ్మ కట్టిచ్చిన ఎండు రొయ్యల డబ్బా తెచ్చుకుంది. అత్త గురవమ్మ మూత తీసి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఏందే ఈ కంపు! మేడ మీద పెట్టు, వచ్చేపోయేవాళ్ళ ముందు పరువు పోయిద్ది" అంది. ఆ డబ్బా మేడ మీద ఎండకి ఎండి, వానకి తడిసి, చివరికి పిల్లుల పాలైంది. ఆ తరవాత షెర్లీ ఏమీ తెచ్చుకోలేదు. పుట్టింటి ఊరు పేరు అడిగితే "బాపట్ల దగ్గర" అని ఆపేయడం నేర్చుకుంది. ఇప్పుడేమో ఆ ఊరే పెట్టెలో ప్యాకై ఇంటికొచ్చింది, స్టైల్ అనే పేరు పెట్టుకుని.

అయినా ఆమె మనసు వల మీద లేదు, ఈమధ్యే కొన్న భోజనాల టేబుల్ మీదే ఉంది. ఈ ఇంట్లో క్రిస్మస్ భోజనం ఎప్పుడూ హాల్లోనే. మగవాళ్ళు ముందు, వాళ్ళతో పాటు పిల్లలు, తరవాత చుట్టాల ఆడవాళ్ళు. షెర్లీ గరిటె పట్టుకుని మధ్యలో తిరుగుతూ ఉంటుంది. అందరూ చేతులు కడుక్కుని కేకులు తింటుంటే, ఆమె వంటింట్లో గట్టుకి ఆనుకుని నిలబడి, గిన్నె అడుగున మిగిలిన చల్లటి గుజ్జులో అన్నం కలుపుకుంటుంది. తినేటప్పుడు కూడా ఒక చెవి హాల్లోనే. ఎవరో ఒకరు మంచినీళ్ళు అడుగుతారు. కొత్త టేబుల్ వచ్చిన రోజున షెర్లీ మనసులో ఒక కోరిక పెట్టుకుంది. ఈ పండక్కి తనూ ఒక కుర్చీలో కూర్చోవాలి, అందరితో కలిసి, వేడిగా ఉన్నప్పుడే తినాలి. అంతే. ఆ మాట మొగుడితో పైకే అంది కూడా. ఇమ్మానియేలు ఆశ్చర్యపోయాడు. "నిన్ను కూర్చోవద్దన్నదెవరు? అందరికీ పెట్టినాక కూర్చో." నిజమే, వద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆమెకి చోటు వదిలినవాళ్ళూ లేరు.

పదో తరగతి చదివే కూతురు కెజియా స్టూలెక్కి వల కడుతుంటే, షెర్లీ కింద నిలబడి అందించింది. ఇసుక పోస్తున్నప్పుడు వేళ్ళ మధ్య నుంచి జారే ఆ మెత్తదనం ఆమెకి హాయిగానే ఉంది. ఒక సీసాలో ఇసుక మీద పశువుల పాక బొమ్మ, మరియమ్మ, యోసేపు, తొట్టిలో బాలయేసు. చుట్టూ శంఖాలు. టేబుల్ నడుమ తాడు చుట్టిన కొవ్వొత్తులు, వాటి చుట్టూ నక్షత్ర చేపలు, వాటి పక్కన చెక్క పడవ.

"అమ్మా, అమ్మమ్మోళ్ళ ఊళ్ళో టేబుళ్ళు ఇట్టా ఉంటాయా?" అడిగింది కెజియా.

"టేబుల్ యాడిదే మాకు? తాటాకు చాప పరిచి గిన్నెలు మధ్యలో పెట్టుకునేవాళ్ళం. నాన్న వేట నించి వచ్చేవాడు, అమ్మ చేపలమ్మి వచ్చేది. ఇద్దరికీ ఒకటే అలుపు. ఇంక ఎవరు ఎవరికి వడ్డించేది? ఎవరికి కావలసింది వాళ్ళు పెట్టుకునేవాళ్ళు."

సాయంత్రానికి గది నిజంగానే మెరిసిపోయింది. ఇమ్మానియేలు లైట్లు వేసి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, "అబ్బ, అదిరింది! ఇందులో ఒక్కటి కూడా కదపొద్దు. రేపు అందరూ ఫొటోలు దిగాల" అన్నాడు.

"మరి అన్నం ఎక్కడ తింటారండీ? పళ్ళెం పెట్టటానికి జాగా లేదుగా."

అతను టేబుల్ వంక చూశాడు. నిజంగానే అరచేయి ఆనించే చోటు కూడా లేదు. క్షణం ఆలోచించి తేలిగ్గా అన్నాడు. "ఏముంది, హాల్లో సోఫాల్లో కూర్చుంటారు. నువ్వు లోపల ప్లేట్లలో పెట్టి ఒక్కొక్కళ్ళకీ తెచ్చియ్యి. మళ్ళీ మళ్ళీ ఏం కావాలో అడుగుతా ఉండు. కెజియా ఉంది గదా, సాయం చేసిద్ది."

కెజియా ఉంది గదా. ఆ మాట దగ్గర షెర్లీ ఆగిపోయింది. తను రెండో తరగతికి పాఠాలు చెప్పే ప్రైవేటు బళ్ళో కూడా ఇదే మాట. మీటింగు మధ్యలో టీ ఫ్లాస్కు రాగానే కరస్పాండెంటు తల కూడా ఎత్తకుండా అంటాడు, "షెర్లీ మేడం ఉన్నారుగా" అని. పక్కన మగ మాస్టర్లు కూడా ఉంటారు, వాళ్ళకీ చేతులుంటాయి. ఆమె లేచి పోస్తుంది. తిరిగొచ్చి కూర్చునేసరికి ఆమె చెప్పాలనుకున్న విషయం దాటిపోయి ఉంటుంది. ఇన్నేళ్ళూ అది తనొక్కదాని సంగతే అనుకుంది. స్టూలు దిగి చేతుల ఇసుక దులుపుకుంటున్న పిల్లని చూసింది. ఆ గరిటె తన చేతిలోంచి ఎక్కడికి వెళుతుందో అప్పుడు కనిపించింది.

పండగ పొద్దున చర్చికి తయారయ్యే ముందు షెర్లీ ప్రహరీ దగ్గరికెళ్ళి పక్కింటి షంషాద్‌ని పిలిచింది.

"అక్కా, మీ పెద్ద చాపలు, దస్తర్‌ఖాన్ ఇయ్యాల ఇస్తావా?"

రంజాన్‌కి నేల మీద పరిచి, పదిమంది చుట్టూ కూర్చుని తినే పొడుగాటి గుడ్డ అది. షంషాద్ నోట్లో బ్రష్షు తీసి, "ఏందే, కొత్త టేబుల్ కొన్నారుగా?" అంది.

"టేబుల్ మీద సముద్రం ఉందక్కా."

షంషాద్ ఎంత నవ్విందంటే బ్రష్షు చేతిలోంచి జారి కిందపడింది. చాపలు తనే మోసుకొచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. పాస్టరు అయ్యగారు, ఆఫీసులో ఇమ్మానియేలు పక్క సీట్లాయన, ఆయన భార్య, సత్తెనపల్లి నుంచి ఆడపడుచు రాహేలు, ఆమె భర్త. భోజనాల గదిలో ఫొటోలయ్యాయి, మెచ్చుకోళ్ళయ్యాయి. ఇమ్మానియేలు ఛాతీ ఉబ్బింది. తీరా హాల్లోకి వచ్చి చూస్తే, ఆ ఫొటోల సందట్లో షెర్లీ, కెజియా సోఫాలు గోడకి జరిపేశారు. నేల మీద చాపలు, దస్తర్‌ఖాన్. దాని నడుమ పలావు డేగిసా, మాంసం కూర, గారెలు, పెరుగు చట్నీ, నీళ్ళ చెంబులు. చుట్టూ బోర్లించిన పళ్ళేలు. గురవమ్మకి మాత్రం మోకాళ్ళ నొప్పి కాబట్టి పొట్టి స్టూలు.

"ఏందే ఇది?" అన్నాడు ఇమ్మానియేలు గొంతు తగ్గించి.

"కోస్టల్ స్టైలండీ" అంది షెర్లీ అందరికీ వినపడేట్టు. "మా ఊళ్ళో ఇట్టాగే తింటాం."

"మరి వడ్డించేదెవరే?" అంది గురవమ్మ.

"ఎవరూ వడ్డించరు అత్తమ్మా. గిన్నెలు మధ్యలో ఉన్నాయి, ఎవరిది వాళ్ళు పెట్టుకోవటమే."

"అయ్యగారికి కూడానా? సిగ్గు లేదా ఏందే!"

ఇప్పుడు వెనక్కి తగ్గితే ఈ ఇంట్లో ఇంకెప్పటికీ కూర్చోలేనని షెర్లీకి తెలుసు. అప్పటికే పాస్టరుగారు చెప్పులు విడిచి చాప మీద బాసింపట్టు వేస్తున్నారు. "చిన్నప్పుడు మా ఇంట్లో ఇట్టాగే తినేవాళ్ళమమ్మా. రండి, రండి" అన్నారు. ఆయన కూర్చున్నాక నిలబడేవాళ్ళెవరు? షెర్లీ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని తనూ కూర్చుంది. ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు ఆమె తెరిచే ఉంచింది. తన ముందు ఒక పళ్ళెం ఉంది, అది తనదే.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలుక చురుక్కుమంది. పలావు అంత వేడిగా ఉంది. మసాలా ఘాటు, నెయ్యి, లేత మాంసం. ఇన్నేళ్ళుగా తను వండుతున్నది ఇంత బాగుంటుందా అనుకుంది. భుజాల మీంచి ఎవరో బరువు దించినట్టయింది.

"షెర్లీ, కూరలో ఉప్పు తగ్గింది" అంది రాహేలు.

షెర్లీ మోకాళ్ళు వాటంతటవే కదిలాయి. సగం లేచి, మళ్ళీ కూర్చుంది. "అవునొదినా, నాకూ అట్టాగే అనిపించింది. ఏవండీ, వంటింటి గుమ్మం పక్కనే ఉన్నారుగా, కాస్త ఉప్పు తీసుకురండి."

ఇమ్మానియేలు ఆమె వంక చూశాడు. పాస్టరుగారు అతని వంక చూశారు. అతను ఎంగిలి చెయ్యి అట్టాగే పట్టుకుని లేచి లోపలికెళ్ళాడు. డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు, పెడుతున్న చప్పుడు. చివరికి ఒక కేక.

"ఏమే! ఈ ఇంట్లో ఉప్పు యాడుండిద్దే?"

కెజియా అలవాటుగా లేవబోయింది. షెర్లీ ఎడమ చెయ్యి పిల్ల మోకాలి మీద వేసి ఆపింది.

"వాడికి కళ్ళు లేవా, వెతుక్కోనీయండే" అంది గురవమ్మ స్టూలు మీంచి, పళ్ళెంలోంచి తల ఎత్తకుండా. "పండగ కూర ఇంత వేడిగా నేనెన్నడూ తిన్లా."

"అక్కడే ఉండిద్ది, చూడండి" అంది షెర్లీ లోపలికి వినపడేలా. తరవాత డేగిసా తన వైపు జరుపుకుని, ఇంకో గరిటెడు పలావు తన పళ్ళెంలో తనే పెట్టుకుంది.