కాలవ గట్టు మీద తీసిన ఫోటో

బండి మీంచి పడ్డవాడు ముందు ఏం చేస్తాడు? అమ్మా అంటాడు. ఎవరైనా రండి అని అరుస్తాడు. మా ఈలన్న ఏం చేశాడో తెలుసా? విరిగిన కాలు బండి కింద ఉండగానే జేబులోంచి ఫోను తీసి, బండి మీటరు ఫోటో తీసి, కంపెనీ గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాతే నాకు ఫోను చేశాడు.

నేను వెళ్ళేసరికి కాలవ గట్టు కింద బురదలో పడి ఉన్నాడు. మోకాలి కింద ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. నన్ను చూడగానే, "తమ్ముడూ, ఫోటో వెళ్ళిందో లేదో చూడు," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. అందుకే చెబుతున్నాను, వినండి.

మేం లిఫ్టులు బాగుచేసేవాళ్ళం. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగినా పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బండెక్కాల్సిందే. కంపెనీ మాకు చొక్కా ఇచ్చింది, వీపు మీద తన పేరు వేసుకుంది. బండి మాత్రం మాది. పెట్రోలు మాది, అరిగే టైర్లు మావి, నడుం నొప్పి మాది. తిరిగిన దూరానికి డబ్బులిస్తానంటుంది, కానీ దానికో తిరకాసు పెట్టింది. బయల్దేరేటప్పుడు ఒకటి, చేరాక ఒకటి మీటరు ఫోటో పెట్టాలి. పెట్టకపోతే వెళ్ళనట్టే. పెట్టినా మీటరు మాట నమ్మరు. మ్యాపులో అన్నిటికన్నా దగ్గర దారి ఎంతో అంతకే ఇస్తారు. అవతలి పేటకి ఆ దగ్గర దారి కాలవ గట్టు. ఆ రోజు ఈలన్నకి పని పడింది అక్కడే. వంతెన మీదుగా వెళ్తే రెండింతల దూరం, ఆ పైదంతా మా పిల్లల నోటి దగ్గరిది.

ఈలన్నకి ఆ పేరు ఊరికే రాలేదు. చీకట్లో, లిఫ్టులో ఇరుక్కుని ఏడుస్తున్నవాళ్ళకి వినబడేలా మెట్ల మీంచే ఈల వేసుకుంటూ వస్తాడు. ఈల వినబడిందంటే మనిషి వచ్చాడని లోపలివాళ్ళకి ధైర్యం. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేసిన పని అది.

ఆసుపత్రిలో డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. ఎల్లుండిలోగా ఆపరేషన్ చేసి కడ్డీ వెయ్యాలి, లేకపోతే కాలు తీసెయ్యాలి. ఇన్సూరెన్సు వర్తించాలంటే డ్యూటీలో ఉండగా పడ్డాడని కంపెనీ ఉత్తరం ఇవ్వాలి. ఈలన్న భార్యని నేనే వెంటబెట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాను. చల్లటి గది. ఆయన కూర్చోమనలేదు.

"చూడమ్మా, బండి ఆయనది. దారి ఆయనే ఎంచుకున్నాడు. పడటం కూడా ఆయన సొంత వ్యవహారమే."

"ఫోటో ఉంది కదా సార్," అన్నాను.

"ఫోటో కస్టమర్ గుమ్మం దగ్గర తియ్యాలి. ఇది బురదలో తీశాడు. అద్దం పగిలింది, అంకెలు కనబడటం లేదు. చెల్లదు."

"కాలు విరిగినవాడు చెయ్యి వణక్కుండా ఫోటో తియ్యాలా అయ్యా?" అంది వదిన.

మేనేజరు ఒక కాగితం ముందుకు తోశాడు. సొంత పని మీద వెళ్తూ పడ్డానని ఈలన్న సంతకం పెడితే, జాలి తలచి ఏదో ఇస్తారట. వదిన ఆ కాగితాన్ని ముట్టుకోలేదు. "ఆయనకి కాలైనా ఉండాలి, మాటైనా ఉండాలి. రెండూ మీకే కావాలా?" అని లేచొచ్చేసింది.

ఆ సాయంత్రం ఆఫీసు వెనక, ఇనుప తాళ్ళ చుట్టలు పెట్టే షెడ్డులో అందరం చేరాం. అరవై ఒక్క మందిమి. ఎవడి నోట విన్నా బూతులే. మాలో కుర్రవాడు, పిడుగు అని పిలుస్తాం, తాళ్ళ చుట్ట మీదకెక్కి అరిచాడు. "రేపణ్ణించి ఒక్క బండీ కదలకూడదు! ఊరంతా ఇరుక్కుని చావనీ!"

"నోరు ముయ్యరా," అన్నాడు బాబాయ్. అందరికన్నా పెద్ద మెకానిక్కు, ఈలన్నకి పని నేర్పినవాడు. "లోపల పసిపిల్ల ఇరుక్కుంటే? నువ్వు చొక్కా మడతపెట్టుకుని కూర్చుంటావా?"

"అయితే మళ్ళీ గట్టు మీద పడి చద్దామా బాబాయ్?"

"నేనలా అన్నానా?"

"మరేమన్నావ్?"

ఇద్దరూ కలబడేలా ఉన్నారు. వాకిట్లో నిలబడ్డ వదిన అప్పుడంది. "మనుషులు ఇరుక్కుంటే వెళ్ళండి. మీ అన్నైనా అదే అంటాడు. కానీ మీ బండ్ల మీద ఎందుకు? కంపెనీకి కారు లేదా?"

అందరం వాకిట్లోంచి బయటికి చూశాం. తర్వాత షెడ్డు దద్దరిల్లేలా నవ్వాం. మేనేజరు తెల్లకారు మా కళ్ళెదుటే నిలబడి ఉంది మరి!

మర్నాడు పొద్దున ఎనిమిదికి అరవై ఒక్క బండ్లు ఆఫీసు ఆవరణలో వరసగా నిలబెట్టాం. అరవై రెండోది ఈలన్నది. దాన్ని బురదతో సహా లారీలో తెచ్చి అన్నిటికన్నా ముందు పెట్టాం. తాళాలన్నీ మేనేజరు బల్ల మీద కుప్ప పోశాం. "మీ పని మీద తిరిగినా బండి మీది కాదన్నారుగా. మరి మా బండి కూడా మీ పనికి రాదు," అన్నాడు బాబాయ్. ఫోటోలు అడిగారుగా, గంటకోసారి ఫోటో పెట్టాం. అన్ని ఊళ్ళ బ్రాంచీలూ ఉన్న గ్రూపది. ఏ మీటరులోనూ ఒక్క అంకె కదల్లేదు.

పదింటికి ఫోన్లు తీసుకునే అమ్మాయి కిటికీలోంచి అరిచింది. "అవతలి పేటలో ముసలావిడ ఇరుక్కుంది! ఊపిరాడటం లేదంట!"

బాబాయ్ తెల్లకారు వెనక తలుపు తీసి, గ్రీజు సంచీని తెల్ల సీటు మీద పడేశాడు. "పదండి సార్. మనిషి ఇరుక్కుంది." చుట్టూ అరవై మందిమి. కారెక్కక ఏం చేస్తాడు? నేనూ ముందు సీట్లో కూర్చున్నాను.

ఆయన ఫోనులో మ్యాపు పెట్టుకుని దగ్గర దారే పట్టాడు. అలవాటు కదా, మాకు ఆ దారే చెబుతాడు. గట్టు మొదట్లో కారు ముందు చక్రం సర్రున జారింది. బ్రేకు తొక్కాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇదేం దారయ్యా? ఇందులో వెళ్తే చస్తాం!" అని వెనక్కి తిప్పి వంతెన మీదకి పోనిచ్చాడు. ముసలావిడని బయటికి తీసి మంచినీళ్ళు తాగించాక, మెట్ల మీద బాబాయ్ మేనేజరు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇందాక అన్నారే సార్, చస్తామని. అదే కాగితం మీద రాయండి."

మూడింటికి ఉత్తరం వదిన చేతిలో పడింది. డ్యూటీలో ఉండగా, కంపెనీ చెప్పిన దారిలో. ఆమె ఆసుపత్రికి పరుగెత్తింది. మేం బండ్లు తియ్యలేదు. కాలికి న్యాయం జరిగింది సరే, గట్టు అక్కడే ఉంది. మీటరు చూపించిన దూరానికే డబ్బివ్వాలి, బండి మీద పడితే కంపెనీయే చూసుకోవాలి. అది రాసిచ్చేదాకా కదిలేది లేదన్నాం.

అయిదింటికి పోలీసులొచ్చారు. తాళాలు బల్ల మీద పోసి బెదిరించామట! బాబాయిని, పిడుగుని, నన్ను రెక్కలు పట్టి వ్యాన్‌లోకి తోసి బయట గొళ్ళెం పెట్టారు. బాబాయ్ ముందుకి వంగి, డ్రైవరు భుజం మీంచి వ్యాను మీటరు ఫోటో తీశాడు.

"ఏయ్, ఏం చేస్తున్నావ్?" కానిస్టేబులు కసిరాడు.

"డ్యూటీలో ఉన్నాం బాబూ. బయల్దేరేటప్పుడు ఫోటో పెట్టాలి. రూలు."

గ్రూపులో పెట్టాడు. వ్యాను గేటు దాటకముందే ఫోను మోగడం మొదలైంది. ఆవరణలో ఉన్నవాళ్ళ మీటర్లు, ఒకటి తర్వాత ఒకటి. తర్వాత మేం మొహం కూడా చూడని పక్క ఊరి బ్రాంచీవాళ్ళవి. ఆఫీసు ముందు నిలబెట్టిన బండ్లు, కదలని అంకెలు. పిడుగు లెక్కపెట్టలేక వదిలేశాడు.

ఆఖర్న ఈలన్న ఫోనునించి గ్రూపులోకే ఒకటొచ్చింది. ఫోటో కాదు. ఆపరేషన్ గదికి తీసుకెళ్ళే ముందు మంచం మీద పడుకుని రికార్డు చేసి పంపాడు. బాబాయ్ నొక్కాడు.

గొళ్ళెం పెట్టిన ఆ వ్యాన్‌లో ఈల మోగింది.

పిడుగు అందుకున్నాడు. నేనూ అందుకున్నాను. వెనక ఆవరణలోంచి యాభై ఎనిమిది మంది అందుకున్నారు. వ్యాను మలుపు తిరిగాక కూడా మాకు అది వినబడుతూనే ఉంది.