గడువు జారిన వంతెన

ఈ ఉదయానికి మా వాగు మీది వంతెన ఇంకో తొంభై రోజులు పొడవైంది.

టేపు పట్టి కొలుస్తాను. టేపు మీద మీటర్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు వారాలు, నెలలు నడుస్తున్నాయి. చూసింది చూసినట్టు నోట్‌బుక్కులో రాసుకుంటాను. వాగు వెడల్పు నలభై మీటర్లే. వంతెన పొడవు మాత్రం అరవై నాలుగు తొంభైలు, అంటే పదహారేళ్ళకు కొంచెం తక్కువ. అవతలి గట్టు దానికి తగ్గట్టు వెనక్కి జరిగి, అక్కడ నిలబడి ఎదురుచూస్తోంది.

నా పేరు శివలీల. ప్రభుత్వ నిర్మాణ పనుల్ని ఎట్లా నడపాలి, ఎట్లా మెరుగుపరచాలి అన్నది నా పరిశోధన. ఈ వంతెననే ఉదాహరణగా తీసుకున్నాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే కాబట్టి, ఏదీ ఊహించి రాయకూడదని నియమం పెట్టుకున్నాను.

మా అమ్మ కుర్మమ్మ వంతెన అవతలి కొసన ఉంది.

ఆమె పని క్యూరింగ్. కొత్తగా పోసిన స్లాబు మీద గోనెసంచులు పరిచి, ఇరవై ఎనిమిది రోజులు ఆరకుండా నీళ్ళు కొట్టాలి. ఆరితే పగులుతుంది. వంతెన పెరిగినప్పుడల్లా కొసన కొత్త కాంక్రీటే ఉంటుంది కాబట్టి, ఆమెకు మొదటి రోజు ఎప్పటికీ రెండో రోజు కాదు. కొస జరిగినప్పుడు దాని మీద నిలబడ్డ అమ్మ కూడా జరుగుతుంది.

నడిచి వెళ్ళి తీసుకురావచ్చు. పదహారేళ్ళ పొడవు నడవడానికి పదహారేళ్ళు పడుతుంది. రెండుసార్లు సరిచూశాను.

మాట మాత్రం ఒక పూటలో వస్తుంది. నిన్న సాయంత్రం అమ్మ అన్న మాట ఇప్పుడు, నేను టేపు చుడుతుండగా, రెయిలింగు వెంట నడిచి వచ్చి నా చెవి దగ్గర ఆగుతుంది.

“బిడ్డా, డ్రమ్ముల నీళ్ళు అడుగుకొచ్చినయి. ఇంకో పొద్దుకు సరిపోతయేమో. తాగాల్నా, స్లాబుకు కొట్టాల్నా? సదువుకున్నదానివి, నువ్వే జెప్పు.”

ఇక్కడ వంతెన కింద వాగు ఉంది. అక్కడ లేదు. అక్కడ వంతెన కింద ఏముందో ఎవరూ కొలవలేదు.

“తాగు అమ్మా,” అంటాను. నా మాట బయలుదేరుతుంది. అది చేరేలోపు ఆమె ఏం చేస్తుందో నాకు తెలుసు. ఎవరు చూస్తున్నా చూడకపోయినా, నీళ్ళు స్లాబుకే కొడుతుంది. నన్ను పెంచింది కూడా అట్లాగే.

సాయంత్రం ఐదింటికి, వంతెనను ఇంకో తొంభై రోజులు పొడిగించే అరవై ఐదో ఉత్తరం మీద సంతకం అవుతుంది. ఆ తరువాత కొస ఇంకా దూరం జరిగి, ఆమె మాట కూడా నాకు అందదు. ఆమె దగ్గర చుక్క నీళ్ళు ఉండవు.

ముందు కాగితాలు చదవాలి, తరువాత మనుషుల్ని అడగాలి. మా గైడ్ గారు నేర్పిన పద్ధతి ఇది. వంతెన మొదటి స్తంభంలో సబ్ డివిజన్ ఆఫీసు ఉంది. స్తంభానికి తలుపు ఉంది. తట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి వెళతాను.

ఫైలు వచ్చి నా ఒళ్ళో కూర్చుంటుంది. తడిగా, బరువుగా ఉంది. లోపల అరవై నాలుగు ఉత్తరాలు. అన్నింటిలోనూ ఒకే వాక్యం: “వంతెనకు తొంభై రోజుల పొడిగింపు మంజూరు చేయడమైనది.”

నా ప్రశ్నావళిలో ఆలస్యానికి ముప్పై ఆరు కారణాలున్నాయి. భూసేకరణ, అకాల వర్షాలు, డిజైను మార్పులు, ఇసుక దొరకకపోవడం. మాట జారిపోవడం అందులో లేదు.

పొడిగించాల్సింది గడువును. ఉత్తరంలో గడువు లేదు. అది లేకపోయేసరికి పొడిగింపు పక్కన ఏది దొరికితే దాన్ని పట్టుకుంది. వంతెన దొరికింది.

టైపిస్టు జంగయ్య అన్న అరవై ఐదో ఉత్తరం తయారు చేస్తున్నాడు. పాతదాని మీదే తేదీ మారుస్తున్నాడు.

“అన్నా, ఇందులో గడువు అన్న మాట ఏమైంది?”

“మొదటిసారి లైన్ల పట్టలే చెల్లె. కిందికి జరిపితే ఇంకో పేజీ అయితుండె. మా సారు ఒక్క పేజీ మనిషి. రెండోది జూడడు.”

“తరువాతి వాటిలోనైనా పెట్టాల్సింది కదా?”

“ఎట్ల పెడ్త? పాత ఉత్తరం ప్రకారం అని రాసి, పాతదాంట్ల లేనిది రాస్తే నా నౌకరి ఉంటదా? సదువు ఎక్కువైనోళ్ళు గిట్లనే అడుగుతరు.”

“వంతెన పొడుగవుతోంది అన్నా.”

“గాదా మరి! పొడిగింపు మంజూరైనంక పొడుగు గాకుంటె గది తప్పు.”

అతని మాటలో నాకు తప్పు దొరకదు. నా కంగారు చూసి జంగయ్య అన్న సొరుగు తెరుస్తాడు. లోపల దూది మీద గడువు పడుకుని ఉంది. పిడికెడంతే. చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. కదులుతోంది.

“పారేయబుద్ధి గాలే,” అంటాడు గొంతు తగ్గించి. “దినాం పొద్దుగాల ఇన్ని నూకలేస్త.”

దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని, ఉత్తరాల మీద సంతకం పెట్టే ఇంజనీరు, డీఈ రాఘవాచారి సారు దగ్గరికి వెళతాను. సారు వేళ్ళు అప్పటికే సంతకం ఆకారంలో వంగి ఉన్నాయి. గోడ మీద నాలుగున్నర.

“పని ఎంతవరకు వచ్చింది?” అని సారు నన్నే అడుగుతాడు.

“తొంభై శాతం సార్.”

“పోయిన వారం?”

“తొంభై శాతమే సార్. అంతకుముందు కూడా.”

“చూసినవా, ఎంత నిలకడగా ఉందో!” సారు సంతోషిస్తాడు.

గడువును ఆయన ముందు పెడతాను. “సార్, ఈ మాటను లైనులో పెట్టించండి. అరవై నాలుగు ఉత్తరాలకూ కలిపి ఒక సవరణ చాలు. మా అమ్మ కొసన ఉంది. నీళ్ళు అయిపోతున్నాయి.”

సారు దాన్ని వేలితో నిమురుతాడు. “పెట్టొచ్చు. పెడితే వంతెన నలభై మీటర్లకొస్తది. కానీ పొడుగైన దినాలు విడిపోతయి గదా? పదహారేండ్లు. గాలికి వదలరాదమ్మా, సర్కారు దినాలు. ఎవరో ఒకరు తీసుకోవాలె.”

“ఎవరు సార్?”

“రూలు ప్రకారం, పని మీద ఉన్నోళ్ళు.”

“పని మీద మా అమ్మ ఒక్కతే ఉంది.”

“ఎన్నేండ్లు?”

“నలభై రెండు.”

“యాభై ఎనిమిది అయితది. ఏం గాదు, కూలి చేసిన పానం. తట్టుకుంటది.”

అమ్మ మోకాళ్ళు నాకు తెలుసు. వాటికి ఎప్పుడో యాభై ఎనిమిది దాటింది. గడియారం చూస్తాను. నాలుగూ యాభై. నాలుక ఎండిపోతోంది, నాదో ఆమెదో తెలియదు.

“సార్, నేను కూడా మూడేళ్ళుగా ఈ పని మీదే ఉన్నాను. ఆ దినాలన్నీ నాకే రాయండి.”

సారు రూల్సు పుస్తకం తెరిచి చూస్తాడు. పుస్తకం కూడా ఆయన్ని చూస్తుంది. ఇద్దరూ చాలాసేపు ఆలోచిస్తారు.

“పరిశోధన కూడా పనే,” అని చివరికి ఒప్పుకుంటాడు. “ముట్టినట్టు సంతకం పెట్టు.”

ఇంటిపేరుతో సహా, కొట్టివేతలు లేకుండా పెడతాను. జంగయ్య అన్న కర్సరు జరిపి చోటు చేస్తాడు. గడువు లైనులోకి దిగి, రెండు మాటల మధ్య ఒదిగి, కళ్ళు మూసుకుంటుంది.

రోజులు వస్తాయి. తోసుకోవు. ముందు సోమవారాలన్నీ వచ్చి నా మీద కూర్చుంటాయి, తరువాత మంగళవారాలన్నీ. గురువారాలకు నడుము పట్టేస్తుంది. ఆదివారాలు పూర్తయ్యేసరికి నా జడలో సగం తెల్లబడింది. నా సంతకం నేనే చదువుకోవాలంటే కాగితాన్ని దూరంగా పట్టుకోవాల్సి వస్తోంది.

బయటికి వస్తాను. వంతెన చప్పుడు లేకుండా వెనక్కి చుట్టుకుంటూ వస్తోంది. కొస మీద అమ్మ, చేతిలో గోనెసంచితో నిలబడి ఉంది. స్లాబు తడిగా మెరుస్తోంది. అమ్మ పెదాలు పగిలిపోయాయి.

వాగులో బిందె ముంచి తెచ్చి ఆమె దోసిట్లో పోస్తాను. ఆమె తాగుతుంది. మళ్ళీ దోసిలి పడుతుంది. మూడో దోసిలికి ఆమె గొంతు కదలడం కనిపిస్తుంది.

“సల్లగుండు అక్కా,” అంటుంది మూతి తుడుచుకుంటూ. “నా బిడ్డ గిట్ల కనబడ్డదా? శివలీల అని. పుస్తకాలు వట్టుకొని తిరుగుతుంటది.”

“నేనే అమ్మా.”

అమ్మ పగిలిన పెదాలతోనే నవ్వుతుంది. “మంచిగనే ఉన్నవ్! నా ఈడుదానివి, నాకు బిడ్డవెట్లయితవ్? ఆకలిమీదున్నదాన్ని ఎగతాళి జెయ్యకు.”

ఆమె చెప్పింది సరైనదే. నాకు ఇరవై ఆరు, పైన పదహారు. వేళ్ళ మీద కూడా సరిచూస్తాను. ఇద్దరికీ నలభై రెండే.

“వస్తది,” అంటాను.

ఇద్దరం వంతెన మొదట్లో పక్కపక్కన కూర్చుంటాం. దాని మీద ఇంకా ఎవరూ నడవలేదు. ముందుగా వాగు లేస్తుంది. పడకలోంచి లేచి, అంచులు పిండుకుని, గట్టెక్కి, వంతెన మీద వరుసలో నిలబడి దాటడం మొదలుపెడుతుంది. నీళ్ళు ఒక్కొక్కరే వెళుతున్నారు. అమ్మ లేచి ఒక్కొక్కరినీ అడుగుతుంది, నా బిడ్డ కనబడ్డదా అని. “ఎన్కనే వస్తున్నది,” అంటారు ఆగకుండా.

చివరి నీరు నా నడుం దాకానే ఉంది. చిన్నప్పటి నాకులాగే రెండు జడలు. అమ్మ దాని ముఖం కొంగుతో తుడుస్తుంది, ఇంత సేపు చేస్తవా అని కసురుతుంది, చెయ్యి పట్టుకుని అవతలి గట్టుకు నడిపిస్తుంది. నేను ఎండిన వాగు పక్కన నిలబడి చూస్తున్నాను. దాని వీపు మీద బడిసంచి ఉంది. సంచిలో చేపలు పుస్తకాల్లా వరుసగా నిటారుగా నిలబడి, అన్నీ నన్నే చూస్తున్నాయి.